ఏ కాలికి?

మంచినీటి ఆల్చిప్పల్లో కందిగింజంత నుంచి గోరంత దాకా మాత్రమే పెరిగేవాటి కుటుంబం ఒకటుంది. శాస్త్రజ్ఞులు స్ఫేరియిడే అంటారు. మన దేశంలోనూ ఉన్నాయి. నీటి అడుగున బురదలో ఉంటాయి కాబట్టి కంటబడవు. నీళ్లు లోపలికి పీల్చుకుని, అందులోని నాచునూ నలుసులనూ మొప్పలతో వడగట్టుకుని తింటాయి.

సముద్రపు ఆల్చిప్పలు చాలావరకు లక్షల కొద్దీ గుడ్లు నీళ్లలోకి వదిలేస్తాయి. పిల్లలు ప్రవాహానికి కొట్టుకుపోయి ఎక్కడో స్థిరపడతాయి. ఈ చిన్నవాటి తీరు వేరు. గుడ్లను తమ మొప్పల్లోనే పొదిగి, పెంకుతో సహా తయారైన పిల్లల్ని, అదీ కొద్దిగానే, బయటికి పంపుతాయి. వీటిలో ప్రతిదానిలోనూ ఆడా మగా రెండూ ఉంటాయి. తోడు లేకుండానే పిల్లల్ని కనగల జాతులూ ఉన్నాయి. కొన్నయితే కుంట ఎండిపోయినా తడి బురదలో దాగి మళ్లీ వాన పడేదాకా బతుకుతాయి.

అయితే ఏ వాగూ కలవని కుంటలోకి ఇవి అసలు ఎలా చేరాయి? ఈ ప్రశ్న డార్విన్‌ను చాలాకాలం తొలిచింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన నత్తపిల్లలున్న నీళ్లలో బాతు పాదాలు వేలాడదీసి, అవి పాదాలకు అంటుకోవడం చూశాడు. ఆ సంగతి 1859లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. 1882 ఫిబ్రవరిలో నార్తాంప్టన్ నుంచి డబ్ల్యు.డి. క్రిక్ అనే ఆయన ఉత్తరం వచ్చింది: తను పట్టిన నీటి పెంకుపురుగు కాలిని ఒక చిన్న ఆల్చిప్ప కరిచి పట్టుకుని ఉందని. (ఈ క్రిక్ మనవడే తర్వాత డీఎన్‌ఏ నిర్మాణం కనుక్కున్నవారిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్.)

డార్విన్‌కు అప్పటికి 73 ఏళ్లు, ఒంట్లో బాగాలేదు. ముక్కూమొహం తెలియని మనిషికి కృతజ్ఞతలు చెప్పి ఊరుకోవచ్చు. ఆయన ప్రశ్నలు పంపాడు: చిప్ప వెడల్పు ఎంత? పట్టుకున్నది ఏ కాలిని? ఆల్చిప్ప కన్నా ఈ ప్రశ్నలే నాకు పాఠం. నేను బడిపంతుల్ని. పిల్లలు గుల్లనో పురుగునో పట్టుకొస్తే ‘శభాష్’ అనడంతో సరిపెట్టడం లేదిప్పుడు. శభాష్ అంటే పిల్లవాడు సంతోషంగా వెళ్లిపోతాడు. ఏ కాలికి ఉందిరా అని అడిగితే మళ్లీ చెరువు దాకా పరుగెడతాడు.

క్రిక్ పురుగు గురించి డార్విన్ రాసిన వ్యాసం ఏప్రిల్ 6న ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అది ఆయన చివరి రచనల్లో ఒకటి; ఏప్రిల్ 19న కన్నుమూశాడు. అందులో చిప్ప కొలతా ఉంది, అది పట్టుకున్నది నడిమి కాలినన్న సంగతీ ఉంది.

మీ ఊరి కుంటలో పురుగు కాలికో కొంగ కాలికో ఇలాంటిది వేలాడుతూ కనిపిస్తే, ఫోటో తీసే ముందు పక్కన ఒక స్కేలు పెట్టండి. తేదీ, చోటు, ఏ కాలో కూడా రాసి ఉంచండి.