హెడ్మాస్టర్లను అడిగాం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బడుల్లో పనిచేసే ఎరుకల, యానాది, సుగాలి టీచర్లం మేం కొందరం. కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకుని తెలిసిన హెడ్మాస్టర్ల దగ్గరికీ, పై అధికారుల దగ్గరికీ వెళ్లాం. టీచరు పనిని ఎలా కొలుస్తారు? చెప్పకుండా మానేస్తే ఏం చేస్తారు?

మొదటిదానికి దాదాపు అందరి జవాబూ టైముకు రావడమే. పిల్లకు చదవడం వచ్చిందా అన్నది మేం గుర్తుచేస్తే గాని రాలేదు. రెండోదానికి మెమో ఇస్తామన్నారు. ఆ తర్వాత? నవ్వి టీ తెప్పించారు. పాపం, వాళ్ల చేతిలో ఉన్నదీ అంతే. పెద్ద శిక్ష వేయాలంటే ఫైలు పైకి పోవాలి, 1991 నాటి సీసీఏ రూల్సు ప్రకారం అభియోగాలు రాయాలి, విచారణ జరపాలి. ఈలోగా ఎవరో నాయకుడి ఫోను వస్తుంది.

2003లో పరిశోధకులు దేశమంతటా ముందుగా చెప్పకుండా బడులకు వెళ్లి చూస్తే, ప్రభుత్వ టీచర్లలో నలుగురికి ఒకరు బడిలో లేరు. తరచూ మానినందుకు ఒక టీచరును ఉద్యోగంలోంచి తీసేశారని చెప్పిన హెడ్మాస్టరు, దాదాపు 3,000 ప్రభుత్వ బడుల్లో ఒక్కరే. మామూలు టీచర్లకంటే హెడ్మాస్టర్లే ఎక్కువ మానుతున్నారనీ తేలింది. వాళ్ల టీ తాగుతూ ఈ సంగతి మేం ఎత్తలేదు! తనిఖీ జరిగే బడుల్లో, తారు రోడ్డుకు దగ్గరి బడుల్లో మానడం తక్కువట. మన తండాలకు తనిఖీ ఎప్పుడొస్తుందో మీకు తెలుసు.

2022 ఆగస్టు నుంచి ఫోనుకు ముఖం చూపి హాజరు వేస్తున్నాం. మాలో ఎరుకల వాళ్లకు హాజరు అన్న మాటే చేదు. 1911 చట్టం కింద నేరస్థ జాతి అని ముద్ర వేసి తాతలను ఠాణాకు రప్పించి హాజరు వేయించారు. అయినా టీచరుకు హాజరు వద్దని మేం అనం. అయ్యవారు రాని రోజు నష్టపోయేది మన పిల్లలే. ఫోను చూసేది ముఖాన్ని. పాఠం చెప్పారో లేదో దానికేం తెలుసు?

కుప్పం దగ్గర ఒక కాలనీలో, కాగితంలో లేకపోయినా, ఒక అవ్వను కూడా అడిగాం. మనవరాలిని ఆమే సాకుతోంది. "అయివారు వచ్చిందీ రానిదీ నాకు తెలీకుండా ఎవురికి తెలుస్తాది? బడి ముందరే కదా నా ఇల్లు. ఒగరన్నా అడిగినారా?" అంది.

బడి పని చూసే అధికారం 2009 విద్యాహక్కు చట్టం తల్లిదండ్రుల కమిటీకి ఇచ్చింది. అందులో అవ్వ పేరు లేదు. ఈసారి కమిటీ ఎన్నికల్లో ఆమెను నిలబెట్టాలని చూస్తున్నాం.