గుణదల కొండ – లూర్దుమాత ఉత్సవము

తూర్పు కనుమల కడపటి గుట్టలను దాటి కృష్ణానది సమతలమునకు దిగు చోట విజయవాడ వెలసినది. నగరమునకు పడమటి కొసన, నదీతీరమున, ఇంద్రకీలాద్రి నిలిచియుండగా, తూర్పుదెసను ఏలూరు రోడ్డునకు దాపున గుణదల కొండ కలదు. నేడు ఇండ్లును అంగళ్లును దాని పాదమును చుట్టుముట్టినవి గాని, నూరేండ్లకు పూర్వము ఇది ఊరికి వెలుపలి రాతిగుట్ట. చేరువనే ఏలూరు కాలువ కృష్ణనీటిని పైరులకు మోసికొని పోవుచుండును. హౌరా–చెన్నై మార్గమున రైలుబండ్లు రేయింబవళ్లు కూత వేయుచు సాగుచుండును. ఆ కొండమీది గుహలో, ధవళవస్త్రము ధరించి, నీలపు నడికట్టుతో, చేతులు మోడ్చి నిలిచిన మరియమాత స్వరూపమును కన్నులార చూచుటకై ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో లక్షలాది జనము కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండియు, తెలంగాణమునుండియు తరలి వచ్చుచుందురు.

ఆ స్వరూపమునకు మూలస్థానము ఫ్రాన్సు దేశమున పిరనీసు పర్వతముల పాదముననున్న లూర్దు పట్టణము. 1858 ఫిబ్రవరి 11వ తేదీన కట్టెపుల్లలు ఏరుకొనుటకై ఏటిగట్టు గుహకడకు పోయిన పదునాలుగేండ్ల పేదబాలిక బెర్నదెత్‌కు ఒక తేజోమయమైన స్త్రీమూర్తి పొడకట్టినదనియు, ఆ వేసవివరకు పదునెనిమిది పర్యాయములు దర్శనమొసగినదనియు, తాను అమలోద్భవినని, అనగా జన్మపాపము లేక ఉద్భవించినదానినని, ఆమెతో పలికినదనియు కతోలికుల విశ్వాసము. ఆ భక్తిని గుణదలకు తెచ్చినవారు మిలాను నగరపు మిషనరీ సభవారు; వారు 1855 నుండియే తెలుగునేలపై పనిచేయుచుండిరి. ఆ సభకు చెందిన అర్లాతి గురువు, గుణదలలోని పునీత జోజప్పగారి అనాథాశ్రమమునకు పెద్దయై యుండి, 1924లో ఈ కొండపై మరియమాత స్వరూపమును ప్రతిష్ఠించెను. పదుమూడేండ్లకు, అనగా 1937లో, బెజవాడ (నేటి విజయవాడ) ప్రత్యేక మేత్రాసనము, అనగా బిషపుగారి పాలనామండలము, అయినది. మరియమాత స్వరూపము నిలిచిన ఆ గుహ నేడు తెలుగు కతోలికులకెల్ల తలమానికమైన పుణ్యక్షేత్రము.

దేశాంతరమునుండి వచ్చిన భక్తి యొక నేలకు సొంతమగుటకు గ్రంథములును బోధలును మాత్రమే చాలవు. దానిని కన్ను గుర్తుపట్టవలెను, చెవి పోల్చుకొనవలెను; ముక్కునకు తెలిసిన వాసన, నాలుకకు తెలిసిన రుచి, అరికాలికి తెలిసిన రాయి అందులో ఉండవలెను. గుణదలలో జరిగినది ఇదియే. పిరనీసు కొండలలోని మాతను తెలుగు పల్లెవాసులు తమ ఇంటి మర్యాదలతో ఎదుర్కొనిరి. పంచేంద్రియములును సాక్ష్యము చెప్పునట్లుగా ఆమెను తమ తల్లిని చేసికొనిరి.

ఉత్సవమునకు ముందు తొమ్మిది దినములు నవదిన ప్రార్థనలు సాగును. డెల్టాలో వరికోతలు ముగిసి, మాగాణులలో మినుము పచ్చగా పరచుకొని, చలి వెనుకంజ వేయుచు, మధ్యాహ్నపు టెండ కొంచెముగా చుఱుక్కుమను కాలమది. రైతు చేతికి తీరిక దొరకును. కొంగున నాలుగు రూకలుండును. కుటుంబములు మూటాముల్లెలతో, చంకబిడ్డలతో వచ్చి, దొరికిన నీడన చాపలు పరచి విడిది చేయుదురు. క్రైస్తవులకు ఎంతమాత్రమును తీసిపోని భక్తితో హిందువులును, మహమ్మదీయులును మ్రొక్కులు తీర్చుకొనుటకు వత్తురు. ఎవరును ఎవరిని ‘మీరెవరు’ అని అడుగరు.

చీకటి పడినపిమ్మట కొండదిగువ నిలిచి చూచిన వారికి మొట్టమొదట కనబడునది వెలుగు. మెట్లదారి పొడవునను విద్యుద్దీపముల తోరణములు. గుహకడ కొవ్వొత్తుల గుంపు. ఒక్క కొవ్వొత్తి తీరును శ్రద్ధగా చూడుడు. తల్లియొకతె అగ్గిపుల్లకై వెదకదు. పక్కన ఎవరో ముక్కుమొగము తెలియనివారు వెలిగించి పోయిన వత్తికి తన వత్తిని తాకించును. అడుగును కొంచెము కరగించి, అదివరకే పేరుకొనిన మైనములో దానిని నిలువబెట్టును. బిడ్డ చేతులను సెగకు చూపి ఆ బిడ్డ కన్నులకు అద్దును. అంతలోనే మరియొక చేయి వచ్చి ఆమె వత్తినుండి వెలుగు తీసికొనును. కరగిన మైనము ఒకదానిలోనొకటి కలిసిపోయి, గంట గడచునప్పటికి ఎవరి కొవ్వొత్తి ఏదో చెప్పుటకు వీలుండదు.

ఆ మైనపు వాసనతో సాంబ్రాణి పొగయు, బంతి చేమంతుల పసరువాసనయు, అప్పుడే పగిలిన కొబ్బరికాయల తియ్యని పచ్చివాసనయు కలియును. బలిపీఠముకడ గురువు ఊపు ధూపకలశమునుండి లేచు సాంబ్రాణి, తెలుగింట శుక్రవారపు సాయంకాలము పసిబిడ్డ తలకు పట్టు సాంబ్రాణియే. కొబ్బరికాయ కొట్టుట ఐరోపా గుడులలో ఎరుగని ఆచారము. ఇచట అది తప్పనిసరి మ్రొక్కుబడి. బండపై ఠప్పున కాయ పగులును. నీరు రాతి నెఱియలలో జారిపోవును. ఒక చిప్ప మాతకు, రెండవ చిప్ప ఇంటికి. తలనీలాలిచ్చు తావున మంగలికత్తుల చప్పుడు ఎడతెగకుండును. గుండు చేయించుకొని, తలపై నీళ్లు పోసికొని, తడిబట్టలతోనే మెట్లెక్కు తండ్రి భుజమున గుండుతోనే ఏడ్చుచున్న పిల్లవాడిని చూచునప్పుడు, ఏ కొండకు పోయినను మన జనము దేవునికిచ్చు కానుక ఒక్కటియేనని బోధపడును.

చెవికి విందు జపమాల. పెద్దయొకడు మైకుముందు మంగళవార్త జపమును సగము చదువగా, తక్కిన సగమును వేలకంఠములు అందుకొనును. ఏబదిమారులు మరల మరల వచ్చు ఆ ప్రార్థనలో మాటలు క్రమముగా అర్థమును దాటి శ్వాసతో కలిసిపోవును. వ్రేళ్లనడుమ పూసలు ఒకటొకటిగా కదలుచుండును. హార్మోనియమును తబలాయు తోడుగా సాగు కీర్తనలలో పల్లె భజనల నడక స్పష్టముగా వినబడును. ఒకప్పుడు లాటినులో జరిగిన పూజ రెండవ వాటికాను మహాసభ (1962–65) పిమ్మట తెలుగులోనికి వచ్చెను గాని, జనుల పాట అంతకు ముందునుండియు తెలుగుపాటయే.

గుహను దాటి పైకి పోవు దారిలో సిలువమార్గపు స్థలములున్నవి. శిఖరాగ్రమున ఎత్తైన సిలువ. పాదరక్షలు విడిచి ఎక్కువారి అరికాళ్లకు ఉదయమున రాయి చల్లగాను, మధ్యాహ్నమున కాలునట్లును తగులును. క్రీస్తు పడిన బాధను తలచుకొనుచు ఎక్కువారు ఆ వేడిని దూషింపరు. వ్యాధిగ్రస్తులను చేతులపై మోసికొని వచ్చువారును కలరు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో ఫిబ్రవరి 11ను వ్యాధిగ్రస్తుల ప్రపంచదినముగా నిర్ణయించిరి. అప్పటినుండి ఈ దినమునకు మరింత కరుణ చేరినది.

దిగివచ్చు దారిలో తిరునాళ్ల అంగళ్లు. జీళ్లు, ఖర్జూరములు, మరమరాలు, సలసల కాగు నూనెలో మిరపకాయ బజ్జీలు, పిల్లల బూరలు, జపమాలలు, పటములు. ఇన్ని రుచుల నడుమ సమష్టి దివ్యబలిపూజలో గురువు నాలుకపై ఉంచు దివ్యసత్ప్రసాదము మాత్రము ఉప్పును తీపియు లేని, పులియని గోధుమపిండితో చేసిన పలుచని అప్పము. తియ్యని జీళ్లను కొనిపెట్టుమని మారాము చేసిన బాలుడే, పెద్దవాడై, ఆ రుచిలేని అప్పమునకై గంటలకొలది వరుసలో నిలుచును. ఇంద్రియములను తృప్తిపరచుచునే వాటిని దాటించు విద్య ఈ ఉత్సవమునకు తెలియును.

గుణదలను చూడగోరువారు 10వ తేదీ సాయంకాలమునకే చేరి, రాత్రి జపమాలలో కూర్చుండి, తెల్లవారుజామున చెప్పులు లేకుండ కొండనెక్కవలెను. ఖాళీ దినమున కారులో వచ్చి పోవువారికి ఒక గుహయు ఒక గుడియు మాత్రమే కనబడును. క్షేత్రమును క్షేత్రముగా చేసినది శిల్పము కాదు. తరతరములుగా ఇచట వెలిగించిన వత్తులు, కొట్టిన కాయలు, అరిగిన మెట్లు. ఒక మతము పరాయిదా, మనదా అను వాదము పండితులు చేసికొందురు గాక. కృష్ణామండలపు రైతుకుటుంబము దానిని ఏనాడో తీర్చివేసినది.