గెలవని గుర్రం

కోచీ అనగానే మనకు కేరళే గుర్తొస్తుంది. జపాన్‌లోనూ ఓ కోచీ ఉంది, షికోకు దీవిలో సముద్రం పక్కన. అక్కడి చిన్న రేస్‌కోర్సులో 1998 నవంబరు 17న రెండేళ్ల ఆడగుర్రం ఒకటి తొలిసారి పరుగుకు దిగింది. అయిదు గుర్రాల్లో అయిదోది. పేరు హారు ఉరారా. ఎండ హాయిగా కాసే వసంతకాలపు రోజు అని అర్థం. ఆ తర్వాత ఆరేళ్లలోపు మొత్తం 113 సార్లు పరుగెత్తింది. గెలిచినవి... సున్నా!

నేను రేసులు చూసే మనిషిని కాను. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మలక్‌పేట రేస్‌కోర్సు పక్క నుంచి బస్సులో వెళ్లడమే తప్ప లోపలికి తొంగిచూసింది లేదు. మా ఇంట్లో గుర్రప్పందాలంటే కొంపలు కూల్చే వ్యసనం. అయినా ఈ గుర్రం కథ మాత్రం నా మనసులోంచి పోవడం లేదు.

గెలవని పందెం గుర్రానికి మామూలుగా ఎక్కువ ఆయుష్షు ఉండదు. మేత, మందులు, లాడాలు, చూసుకునే మనిషి జీతం... అన్నీ ఖర్చులే. సంపాదించని గుర్రాన్ని ఊరికే ఎవరు మేపుతారు? చాలావాటి దారి కబేళాకే. ట్రైనర్ దాయి మునేయిషి మాత్రం ఆమెను వదులుకోలేదు. నెలకు ఒకటి రెండుసార్లు బరిలోకి దింపుతూనే వచ్చాడు.

2003 నాటికి ఆ రేస్‌కోర్సే అప్పుల్లో మునిగి, మూతబడే స్థితికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఈ ఓడే గుర్రం సంగతి పేపర్లలో పడింది. ఏళ్ల తరబడి ఆర్థిక మాంద్యంతో నీరసించిన జనానికి ఆమెలో తమ మొహమే కనిపించింది కాబోలు, తండోపతండాలుగా వచ్చారు. ఆమె మీద కాసిన టికెట్‌ను తాయెత్తులా కారులో దాచుకున్నారు. 'తగలదు' అనే మాటకు వాళ్ల భాషలోనూ మనలాగే రెండర్థాలు. లాటరీ తగలదు, బండీ తగలదు! 2004 మార్చి 22న దేశంలోనే పేరుమోసిన జాకీ యుటకా తకే ఆమెనెక్కాడు. చూడటానికి 13 వేలమంది వచ్చారు. పదకొండు గుర్రాల్లో పదోది. ఆ ఏడాది ఆగస్టు 3న ఆఖరి పరుగు. రేస్‌కోర్సు మాత్రం నిలబడింది.

ఏటా ఫలితాల రోజుల్లో టీవీ పెడితే ర్యాంకుల హోరు. ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు... అది విన్నప్పుడల్లా నాకు ఓ పిల్లాడు గుర్తొస్తాడు. టెన్త్ లెక్కలు నాలుగుసార్లు తప్పాడు. వాళ్ల నాన్న కూలిపని చేసేవాడు. ప్రతిసారీ ఫీజు డబ్బులు పట్టుకొచ్చి, "వాడు రాస్తానన్నంత కాలం రాయనివ్వండి టీచరమ్మా" అనేవాడు. మునేయిషి ఎవరో ఆయనకు తెలీదు. చేసింది మాత్రం ఆ పనే.

అయిదోసారి పాసయ్యాడా అని అడుగుతారు మీరు. ఎవరికి చెప్పినా అదే అడిగారు. చూశారా, చివరికి మనకు గెలుపే కావాలి! లేదండీ, పాసవలేదు. ఇప్పుడు బోరు మోటార్లు బాగుచేస్తాడు. ముసలితండ్రిని తన దగ్గరే పెట్టుకుని చూసుకుంటున్నాడు.

ఓటమి గొప్పదని నేననను. హారు ఉరారా ఓటములను సొమ్ము చేసుకున్నవాళ్లూ ఉన్నారు. తను ఓడిందని ఆ మూగజీవానికి తెలుసో లేదో కూడా! నేను చెప్పేది ఒక్కటే. ఓడినవాళ్లకు కూడా పూటపూటా తిండి పెట్టే చేయి ఒకటుండాలి. ఆ చేయి ఉంటే తర్వాతి దారి ఏదో ఒకటి దొరుకుతుంది.

రేసులు మానేశాక ఆమె చివరి ఏళ్లు చిబా ప్రాంతంలోని మార్తా ఫామ్‌లో గడిచాయి. ఖర్చంతా అభిమానులు పెట్టుకున్నారు. ఓ వీడియోగేమ్ పుణ్యమా అని 2025లో ఎక్కడెక్కడి కుర్రకారో ఆమె పేరున పచ్చగడ్డి పంపారు. ఆ సెప్టెంబరు 9న, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, కడుపునొప్పితో కన్నుమూసింది. గుర్రానికి అది నిండు వయసే.

ఆమెను ఓడించిన గుర్రాలు ఎన్నెన్నో. వాటిలో ఎన్ని ముసలితనం చూశాయో!