యాఖూబ్ మెట్ల మీదినుంచి

గత ఆగస్టులో మాంచెస్టర్‌లో ఉంటున్న మా పెద్దబ్బాయి ఇంట నెలన్నర గడిపే అవకాశాన్ని అల్లాహ్ ప్రసాదించాడు. ఒక శనివారం ఉదయం కొడుకు, కోడలు, ఏడేళ్ల మనవరాలు, నా సహధర్మచారిణితో కలిసి రైలెక్కి ఈడేల్ అనే చిన్న పల్లెలో దిగాము. ఇంగ్లండుకు వెన్నెముక అనదగిన పెన్నైన్ కొండల మీదుగా స్కాట్లాండు వరకు సాగే 268 మైళ్ల కాలిబాట ‘పెన్నైన్ వే’ అక్కడే మొదలవుతుంది. మా సంకల్పం మాత్రం ఒక్క పూటదే. కిండర్ స్కౌట్ పీఠభూమి అంచున ఉన్న జలపాతాన్ని చూసి సాయంత్రానికి తిరిగి రావాలనుకున్నాము.

ఒకప్పుడు ఈ కొండలు భూస్వాముల వేట కోసం మూసి ఉంచిన భూములు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ పరిసరాల శ్రామికులు వందలాదిగా నిషేధాన్ని ధిక్కరించి కిండర్ ఎక్కారు. వారిలో ఐదుగురు జైలుపాలయ్యారు. 1965లో సరిగ్గా అదే తేదీన ఈ బాట అధికారికంగా తెరుచుకుంది. భూమిలో సంచరించి పరిశీలించమని దివ్యఖుర్ఆన్ పదేపదే ఉద్బోధిస్తుంది. ఆ ఉద్బోధ సంపన్నులకు మాత్రమే చేసింది కాదు కదా!

ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్న ప్రవక్త (స) ఆదేశం ప్రకారం మా అబ్బాయినే అమీరుగా నియమించాను. దారి తెలిసినవాడు అతడే, పటం, దిక్సూచి ఉన్నదీ అతడి వద్దే. పచ్చిక బయళ్లు దాటుతుండగానే వాన అందుకుంది. వర్షం కురిసినప్పుడు దైవప్రవక్త (స) తమ వస్త్రాన్ని కాస్త తొలగించి ఆ చినుకులను ఒంటిపై పడనిచ్చేవారని చెప్పగా, మనవరాలు సంతోషంగా అరచేతులు చాచింది.

వాగుపై పాత రాతి వంతెన దాటగానే నిటారుగా రాతి మెట్లు. వాటి పేరు ‘జాకబ్స్ లాడర్’. “యాఖూబ్ ప్రవక్త గారి మెట్లా దాదాజాన్?” అని అడిగింది పాప. కాదనీ, పూర్వం ఇక్కడ నివసించిన జాకబ్ మార్షల్ అనే రైతు తొలిచిన మెట్లనీ వాళ్ల నాన్న చెప్పాడు. సరకు మోసే గుర్రాలు చుట్టుదారిన వస్తుంటే, వాటి యజమానులు ఈ మెట్లపై నేరుగా ఎక్కేవారట.

పైకి చేరేసరికి గాలి మనిషిని నిలవనీయలేదు. మంచు పది అడుగుల అవతల ఉన్నదాన్ని కూడా కప్పేసింది. బాట పక్కనంతా నల్లని బురదనేల. అంతవరకూ ప్రశ్నలు వేస్తూ వచ్చిన పాప మౌనమైపోయింది. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి.

“అబ్బాజాన్, ఇక వెనక్కి వెళదాం” అన్నాడు అమీరు.

ఇంతదూరం వచ్చి తిరిగిపోవడం నాకు నచ్చలేదు. “వానా గాలీ అల్లాహ్ తఖ్దీరే. ఆయనపై భారం వేసి నడుద్దాం” అన్నాను.

కోడలు పాపను తన కోటులోకి పొదువుకుంటూ నెమ్మదిగా అంది: “అబ్బా, సిరియాలో ప్లేగు ఉందని విని హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ నుంచి వెనుదిరిగిన సంగతి మీరే కదా మాకు చెప్పారు?”

నేను మారు మాట్లాడలేకపోయాను. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని ఆక్షేపించినవారికి, ఆయన విధివ్రాత నుంచి ఆయన విధివ్రాత వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఏళ్ల తరబడి విద్యార్థులకు నేను బోధించిన పాఠమే అది. నేను తవక్కుల్ అనుకున్నది నిజానికి జలపాతం చూడాలన్న నా పంతమే. పైగా నేనే నియమించిన అమీరు మాటకు నేనే ఎదురుచెప్పాను.

దిగువన పొలం పక్కనున్న రాతి కొట్టంలో ఆగాము. కోడలు పాపకు పొడి బట్టలు తొడిగి, ఫ్లాస్కులోని వేడి పాలు తాగించింది. పెద్దలం వాగునీటితో వుజూ చేసుకున్నాము. ఉదయం వుజూతో తొడుక్కున్న తోలు మేజోళ్లపై నేను మసహ్ చేశాను. స్థానికుడికి ఒక పగలు, ఒక రాత్రి, ప్రయాణికుడికి మూడేసి చొప్పున షరీఅత్ ఇచ్చిన ఆ సౌలభ్యం విలువ చలికి కాళ్లు కొంకర్లు పోతున్నప్పుడు తెలిసింది. అక్కడ పదిహేను రోజులకు మించి ఉండే సంకల్పం ఉన్నందున జొహర్ నాలుగు రకాతులూ పూర్తిగా చేశాను. ఇమామత్ మా అబ్బాయి చేశాడు.

జనంలో బలహీనులను దృష్టిలో ఉంచుకొని నమాజు చేయించమని దైవప్రవక్త (స) ఇమాములకు ఉపదేశించారు. ఆ రోజు అతడు చిన్న సూరాలే పఠించాడు. వెనుక నిలబడిన నాకు, కొండపైన అతడు చేసిందీ అదేనని అర్థమైంది.

రైలులో పాప నా ఒడిలో వెచ్చగా నిద్రపోయింది. జలపాతం చూడనే లేదు. అల్ హందులిల్లాహ్.