మూడో కుర్చీ

మారతహళ్లి, బెంగళూరు

ఒసే రూమ్మేటూ,

నాలుగేళ్ల గ్యాప్ తర్వాత పై గురువారం వీడియో ఇంటర్వ్యూ అని, "ఇప్పుడేం అడుగుతున్నారే?" అని మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాసి స్పీడ్‌పోస్టు చేస్తున్నా. వాళ్లడిగేవాటికి నువ్వెలాగూ చదువుకుంటావు. నువ్వు వాళ్లలో చూడాల్సినవి కొన్నున్నాయి, అవి చెబుతాను.

ఈ మూడు నెలల్లో నేను నాలుగు కంపెనీలు తిరిగాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒకచోట పదకొండింటికి రమ్మని ఒకటింబావు దాకా రిసెప్షన్లో కూర్చోబెట్టారు. ఆలస్యం ఎవరికైనా అవుతుంది. కానీ "ఇంకాస్త టైం పడుతుందండీ" అని చెప్పిన మనిషి లేడు. సర్లే అనుకున్నా. లోపల ముగ్గురు: మేనేజరు, ఒక సీనియరు, మూడో కుర్చీలో మన వయసు అమ్మాయి. పాపం, ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో వరసగా రాసుకుని తెచ్చుకుంది. పేమెంటు మధ్యలో సర్వర్ పడిపోతే కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ అవకుండా ఎలా చూస్తారని అడిగింది. ఆ రోజు నన్ను నిజంగా ఆలోచింపజేసిన ప్రశ్న అదొక్కటే. నేను నోరు తెరిచేలోపే మేనేజరు "అదంతా ఎందుకిప్పుడు, వదిలెయ్" అన్నాడు, ఆమె వైపు చూడకుండానే. ఆమె ఆ ప్రశ్న మీద అడ్డంగా గీత కొట్టింది. దాని కింద ఇంకో మూడున్నాయి. వాటినీ కొట్టేసి పెన్ను మూత పెట్టుకుంది.

నేను చేరితే కూర్చోవాల్సింది ఆ కుర్చీలోనే కదే!

ఆఫర్ వచ్చింది, ఇప్పటి జీతం మీద 40 శాతం ఎక్కువకి. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అమ్మయితే "వచ్చిన లక్ష్మిని కాలదన్నుతావా" అంది. అయినా వద్దని మెయిల్ పెట్టేశాను.

వైట్‌ఫీల్డ్‌లో ఇంకోచోట "ఈ సీటు ఎందుకు ఖాళీ అయింది సార్?" అని అడిగాను. ఆయన కాసేపాగి, "రాత్రిపూట కాల్స్ ఎక్కువై ఒకతను మానేశాడు. ఇప్పుడు వారానికొకరం వంతులేసుకుంటున్నాం. అయినా పోయిన నెల నేను రెండు రాత్రులు లేచాను" అన్నారు. పక్కనున్న కుర్రాడు "మూడు సార్" అన్నాడు. "అవును, మూడు" అని ఆయన నవ్వేశారు. అక్కడ కుదిరింది నా మనసు. ఒకటో తారీఖున చేరుతున్నా.

నీకు ఇంకో చిక్కుంది. గ్యాప్ చూడగానే బాబును ఎవరు చూసుకుంటారని అడుగుతారు. ఆడవాళ్లని ఇలా వేరుగా చూడటం కొత్తేం కాదు. ఈ ఊళ్లోనే, 1974లో, ఐఐఎస్‌సీలో చదువుతున్న సుధామూర్తి, టాటాల కంపెనీ టెల్కో ఉద్యోగ ప్రకటన చూశారు. ఆడవాళ్లు దరఖాస్తు చేయనక్కర్లేదని ఉంది అందులో. ఆవిడ ఏకంగా జేఆర్‌డీ టాటాకే పోస్టుకార్డు రాశారు. పుణెకి ఇంటర్వ్యూకి పిలిచారు, ఉద్యోగమూ ఇచ్చారు. ఈ కథలో అందరూ ఆవిడ ధైర్యం గురించి చెబుతారు. నేను మాత్రం అవతలివాళ్లనీ చూస్తాను. తప్పుందని కార్డు రాస్తే దాన్ని చెత్తబుట్టలో పడేయకుండా పిలిచారు చూడు, అది. నియామకాల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1976లో సమాన వేతన చట్టమే వచ్చింది, అయినా ఆ ప్రశ్న ఇంకా పోలేదు. నిన్నడిగితే "మగవాళ్లనూ అడుగుతారా అండీ?" అని మామూలుగా అడుగు. నొచ్చుకుంటారా, సర్దుకుంటారా చూడు.

ఇంటర్వ్యూ చూసి అంతా కనిపెట్టేయొచ్చని అనను. 2023 ఫిబ్రవరిలో మన సర్జాపూర్ రోడ్డు విప్రో, ఏడాదికి 6.5 లక్షలని ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. ఆ పిల్లలకు ముందే ఎలా తెలుస్తుంది?

తెలిసినా చేరక తప్పని రోజులూ ఉంటాయి. నీ మొదటి ఉద్యోగం గుర్తుందా? ఇంటర్వ్యూలోనే నీ మీద అరిచాడని పీజీకి వచ్చి ఏడ్చావు. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ మొదలవుతోందని "చేరిపోవే, అన్నిచోట్లా ఇంతే" అన్నది నేనే. ఆ రెండేళ్లలో నువ్వెంత చిక్కిపోయావో పక్క మంచం మీంచి చూశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు లోన్ తీరిపోయింది, ఇంట్లో ఒక జీతం వస్తోంది. ఈసారి తొందరపడకు.

గురువారం అవగానే ఫోన్ చెయ్. ఆ సీటు ఎందుకు ఖాళీ అయిందని నువ్వడిగినప్పుడు ఎవరు మాట్లాడారో, ఎవరు మాట్లాడబోయి మ్యూట్ పెట్టుకున్నారో, ముందు అది చెప్పు.

నీ
పక్క మంచం