సముద్రం లేని చోట నేవీకేం పని?

తెలంగాణకి సముద్రం లేదు. ఇందులో కొత్త విషయమేమీ లేదు లెండి. మేం బడిలో గీసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మ్యాపు కాబట్టి 974 కిలోమీటర్ల తీరం మనదేనని బిట్లు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. 2014 తర్వాత ఆ 974 అటు వెళ్ళిపోయింది, ఇటు మిగిలింది హుస్సేన్ సాగర్ :)

అలాంటి తెలంగాణలో, హైదరాబాదుకి అరవై కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో మన నౌకాదళం పెద్ద రేడియో స్టేషన్ పెడుతోంది. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలిసి శంకుస్థాపన చేశారు. ఖర్చు 3,200 కోట్లు అన్నారు. ఇచ్చిన అడవి దాదాపు 2,900 ఎకరాలు. పేపర్లలో 'నేవీ రాడార్ స్టేషన్' అని రాశారు గానీ అది రాడార్ కాదు. రాడార్ అంటే ఎదురుగా ఏముందో వెతికేది. ఇది సముద్రం లోపల దాక్కున్న మన సబ్‌మెరైన్లకి కబురు పంపేది. రెండూ వేరు.

ఇదంతా నాకెందుకంటే, మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఆ అడవి పక్కనే. వేసవి సెలవులకి వెళ్తే దామగుండం రామలింగేశ్వర స్వామి గుడికి ఎడ్లబండి మీద తీసుకెళ్ళేవాళ్ళు. దసరా సెలవుల్లో అయితే ఆ గుట్టల్లో సీతాఫలాలు. బస్తాలకొద్దీ తెచ్చి గడ్డిలో మగ్గబెట్టేవాళ్ళు. ఆ ఫలాలే బుట్టల్లో ఎక్కి సిటీకి వచ్చి, మనం పంజగుట్ట రోడ్డు మీద బేరమాడి కొనుక్కునేవి అవుతాయని చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. శంకుస్థాపన రోజు టీవీ చూసి అమ్మమ్మ ఫోన్ చేసింది. "సముద్రపోళ్ళు మన గుట్టల మీదికి ఎందుకొస్తున్నర్రా? నువ్వు ఇంజనీర్‌వి గదా, జెప్పు" అంది.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్, చేసేది జావా. అయినా అడిగింది అమ్మమ్మ కాబట్టి పాత పుస్తకాల దుమ్ము దులపక తప్పలేదు.

ఉప్పునీళ్ళకి రేడియో తరంగాలంటే పడదు. ఉప్పునీరు కరెంటుని బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి తరంగాన్ని మింగేస్తుంది. ఫ్రీక్వెన్సీ ఎంత ఎక్కువైతే అంత తొందరగా మింగుతుంది. మన వైఫై సిగ్నల్ సముద్రంలో వేలెడు లోతు కూడా దిగదు. అదే 20 కిలోహెర్ట్జ్ లాంటి బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే పది ఇరవై మీటర్ల దాకా దిగుతుంది. వీఎల్ఎఫ్ అనేది ఇదే, 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్యలో. 20 కిలోహెర్ట్జ్ తరంగం ఒక్కొక్కటీ 15 కిలోమీటర్ల పొడుగుంటుంది. అంటే ఖైరతాబాద్ చౌరస్తాలో మొదలైన అల దాదాపు గచ్చిబౌలిలో పూర్తవుతుందన్నమాట. అంత పొడుగు అలని పుట్టించాలంటే మేడ మీద పెట్టే యాంటెన్నా చాలదు. వందల మీటర్ల ఎత్తు స్తంభాలు, వాటి మధ్య తీగల వల, కింద భూమిలో పాతే రాగి తీగలు, వీటన్నిటికీ వందల ఎకరాలు కావాలి.

ఇంత చేస్తే వచ్చే స్పీడెంతో తెలుసా? సెకనుకి రెండు మూడు వందల బిట్లు. మన ఫ్యామిలీ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీ ఫొటో వంద కేబీ ఉందనుకుంటే, అది సబ్‌మెరైన్‌కి చేరడానికి గంట పడుతుంది. పైగా అంతా ఒకవైపే. సబ్‌మెరైన్ వెనకాల ఒక తీగని తోకలా వదిలి వింటుంది గానీ అదే దారిలో జవాబివ్వలేదు. నెట్‌వర్కింగ్ భాషలో చెప్పాలంటే యూడీపీ. పంపేశాం, చేరిందో లేదో దేవుడికి తెలుసు.

మరి ఇంత నత్తనడక దానికి అన్ని వేల కోట్లు దేనికి? దీనికి జవాబు కావాలంటే వైజాగ్ వెళ్ళాలి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ నౌకాదళం పంపిన విమానాలవి. పసిఫిక్‌లో జరిగే యుద్ధం మన ఇంటి గుమ్మం దాకా రావడానికి ఎక్కువ టైం పట్టదని మనవాళ్ళకి అప్పుడే తెలిసింది. తర్వాత 1971. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చి, డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక అక్కడే మునిగిపోయింది. ఎలా మునిగింది అన్నది ఇప్పటికీ తేలలేదు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్లే అని మనవాళ్ళు, లోపల జరిగిన పేలుడో, తన మైన్లే తగలడమో అని వాళ్ళు. సినిమా సంగతి (2017 'ఘాజీ') పక్కన పెట్టండి, నాకు నచ్చింది దానికి ముందు జరిగిన కథ.

విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ పాత రాజ్‌పుత్‌ని విక్రాంత్‌లా నటింపజేశారు. అంత పెద్ద ఓడ నుంచి ఎంత వైర్‌లెస్ ట్రాఫిక్ వెళ్తుందో అంతా రాజ్‌పుత్ నుంచి పంపించారు. కృష్ణన్ తర్వాత రాసుకున్న దాని ప్రకారం, విక్రాంత్ పేరు మీద వైజాగ్‌లో సరుకులు కూడా ఆర్డరిచ్చారు, కబురు దానంతట అదే పాకాలని. ఒక నావికుడు తల్లి ఆరోగ్యం కనుక్కుంటూ పంపినట్టు మామూలు టెలిగ్రాం కూడా ఇప్పించారు. ఘాజీలో తొంభై మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. సముద్రంలో ఎవరు ఏ మాట విన్నారు, ఏ మాట నమ్మారు అన్నదాని మీద ఓడలూ ప్రాణాలూ ఆధారపడతాయి.

ఇప్పటి సంగతికొస్తే, అణ్వాయుధాన్ని ముందుగా వాడం అని మన దేశం 2003లో అధికారికంగానే విధానం పెట్టుకుంది. ముందు వాడను అన్నవాడు, దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టగలడని ఎదుటివాడు నమ్మాలి. నేల మీద ఉన్నవన్నీ పోయినా నీళ్ళ కింద ఒకటి మిగలాలి. అందుకే అరిహంత్. 2009 జులై 26న విశాఖలో నీళ్ళలోకి దించారు, 2016లో నేవీలో చేరింది. 2018 నవంబర్‌లో మొదటి గస్తీ పూర్తి చేసిందని ప్రధాని ప్రకటించారు. రెండోది అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే చేరింది. అరిహంత్‌లో మొదట పెట్టిన కే-15 మిసైల్ వెనక పని చాలావరకు మన హైదరాబాద్ డీఆర్డీవో ల్యాబులదే. కాబట్టి "మనకీ సముద్రానికీ సంబంధం లేదు" అన్నమాట దామగుండం కంటే చాలా ముందే చెల్లిపోయింది.

నెలల తరబడి లోపలే ఉండగల ఆ సబ్‌మెరైన్‌కి మాట చేరే దారి వీఎల్ఎఫ్. 1990 నుంచి ఆ పని తమిళనాడులో తిరునల్వేలి జిల్లాలోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఒక్కటే చేస్తోంది. దామగుండం రెండోది. ప్రొడక్షన్ సర్వర్ ఒకటే పెట్టి, డీఆర్ సైట్ లేకుండా ఇన్నేళ్ళు నడిపారంటే మన డెలివరీ మేనేజర్లు ఎవరైనా గుండె పట్టుకుంటారు. అదీ తీరానికి దగ్గర్లో ఉన్న సర్వర్. 2014లో చైనా సబ్‌మెరైన్ కొలంబో రేవులో ఆగింది. 2022 ఆగస్టులో మిసైళ్ళనీ ఉపగ్రహాలనీ కనిపెట్టి చూసే వాళ్ళ ఓడ యువాన్ వాంగ్ 5, మన దేశం అభ్యంతరం చెప్పినా, హంబన్‌తోటకి వచ్చి వెళ్ళింది. కట్టబొమ్మన్ నుంచి చూస్తే శ్రీలంక పక్కిల్లే. రెండోది లోపలికి, దక్కన్ పీఠభూమి మీదకి రావడంలో అర్థం ఉందని నాకనిపిస్తుంది.

అమీర్‌పేట హాస్టల్లో నా రూమ్మేట్‌ది వైజాగ్. వాళ్ళ నాన్నగారు డాక్‌యార్డులో చేసి రిటైరయ్యారు. ఈ విషయం మీద మా ఇద్దరికీ ఒక రాత్రంతా వాదన. "నేవీ లేకపోతే మా వైజాగ్ ఏటి గురూ? మీ ఊరు కూడా బాగుపడతాది చూడు" అంటాడు. సగం నిజమే. డాక్‌యార్డు జీతాల మీద లేచిన ఇళ్ళు, చదివిన పిల్లలు ఆ ఊరి నిండా ఉన్నారు. కానీ వాడే కాసేపాగి రాంబిల్లి సంగతి చెప్పాడు. వైజాగ్‌కి దక్షిణాన నేవీ కొత్త స్థావరం కోసం అక్కడ మత్స్యకారుల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పరిహారం కోసం ఏళ్ళ తరబడి ధర్నాలు చేశారు. వేటకెళ్ళేవాడికి ఒడ్డు మార్చితే ఇల్లు మారినట్టు కాదు, బతుకుతెరువు పోయినట్టు. వాడి చుట్టాలు కొందరు అందులో ఉన్నారు. ఆ తర్వాత వాదన పెద్దగా సాగలేదు.

నా ఇబ్బంది కూడా ఇక్కడే. స్టేషన్ అవసరమేనని నాకు అర్థమైంది. మాట్లాడే పద్ధతే నచ్చట్లేదు. దామగుండం గురించి ఎవరైనా నోరెత్తితే 'దేశభద్రత' అనేస్తారు, అక్కడితో మాట ఆగిపోతుంది. పార్టీలు మాత్రం పాత జీవో ఎవరిది, సంతకం ఎవరిది అని ఒకదాని మీద ఒకటి వేసుకుంటాయి. ఎన్ని చెట్లు పోతాయన్న దాని మీద పర్యావరణం వాళ్ళ లెక్కకీ ప్రభుత్వం లెక్కకీ పొంతనే లేదు. సరే, ఏ ఫ్రీక్వెన్సీ మీద ఏం పంపుతారో రహస్యం, ఒప్పుకుంటా. గుడికి దారి ఎటు ఉంటుందన్నది రహస్యమా? (గుడికి వెళ్ళనిస్తామని వేదిక మీదే చెప్పారు, మంచిదే, ఏ రోజుల్లో, ఎవరి పర్మిషన్‌తో?) మేకలూ గొర్రెలూ ఇక ఎక్కడ మేయాలి అన్నది రహస్యమా?

నీళ్ళ సంగతి మరీ. మూసీ పుట్టేది ఆ పక్కనే, అనంతగిరి కొండల్లో. ఆ చుట్టుపక్కల గుట్టలూ అడవీ ఆపిన వాన నీరే వాగులై నదిలో కలుస్తుంది. 1908 వరదల తర్వాత ఆ నది మీద కట్టిన గండిపేట ఈ ఊరికి వందేళ్ళు నీళ్ళిచ్చింది. నేను రోజూ ఆఫీసుకి ఖైరతాబాద్‌లో జలమండలి ముందు నుంచే వెళ్తా. ఆ అడవిలో నేల గట్టిపడితే, వాగుల దారి మారితే గండిపేటకి ఎంత తగ్గుతుంది అని లెక్క కట్టి జనానికి తెలుగులో చెప్పమనడం దేశద్రోహం ఏమీ కాదు కదా. అడవికి బదులుగా వేరేచోట మొక్కలు పెంచడానికి డబ్బు కట్టారు, నిజమే. మరి ఆ మొక్కలు ఏ మండలంలో నాటారో, ఎన్ని బతికాయో?

ఇంకోవైపు లేనిపోని భయాలు కూడా ఉన్నాయి. మా ఊళ్ళో 'రేడియేషన్‌తో పిల్లలు పుట్టరు' అని వాట్సాప్‌లో తిరిగింది. వీఎల్ఎఫ్ తరంగాలు ఎక్స్‌రేల్లాంటివి కావు, వాటికి అణువుల్ని చీల్చే శక్తి లేదు. యాంటెన్నా కిందే నిలబడితే జాగ్రత్తలు కావాలి, కంచె బయట దూరంగా ఉన్న ఊళ్ళకి ఆ బలం బాగా తగ్గిపోతుంది. ఇది నేను చెప్తే "నువ్వేమన్న నేవీ ఆఫీసర్‌వా?" అన్నాడు మా మేనమామ. న్యాయమైన ప్రశ్న. కట్టబొమ్మన్ ముప్ఫై ఏళ్ళకు పైగా నడుస్తోంది. దాని కంచె బయట కొలిచిన అంకెల్ని పూడూరు పంచాయతీ బోర్డు మీద తెలుగులో అంటిస్తే నాలాంటి జావా ఇంజనీర్ల ఉపన్యాసాలతో పని ఉండదు.

అమ్మమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతా విని, "అయితే ఆళ్ళకి జాగ గావాలె, ఇస్తం. మరి సీతాఫలాలకి పోనిస్తరా?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రస్తుతానికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాస్తున్నా. మూడే ప్రశ్నలు: గుడి దారి, మేపు భూమి, వాగుల మీద ఏదైనా అధ్యయనం జరిగిందా అని. 2027కల్లా స్టేషన్ పూర్తి చేస్తామని శంకుస్థాపనప్పుడు చెప్పారు, కాబట్టి అడగాల్సినవేవో ఇప్పుడే అడగాలి. మీలో ఎవరికైనా తిరునల్వేలి వైపు స్నేహితులుంటే, కట్టబొమ్మన్ పక్క ఊళ్ళవాళ్ళు ఈ ముప్ఫై ఏళ్ళలో ఏం చూశారో, మేకలు ఎక్కడ మేపుకుంటున్నారో కనుక్కుని చెప్పండి.