బాంబూఫ్లాట్ రేవు నుంచి విశాఖకు: పసిపిల్లలతో సముద్రయానం

బాంబూఫ్లాట్‌లో నివసించేవారికి ఏ ప్రయాణమైనా పడవతోనే ఆరంభం. ఎదుట కనిపించే ఛాథం రేవుకు ఫెర్రీలో పావుగంట. ఫెర్రార్‌గంజ్ మీదుగా రోడ్డున చుట్టి వస్తే గంటకు పైమాటే. 1883లో నెలకొల్పిన ఛాథం కోతమిల్లును చూస్తూ కూరగాయలకు సైతం ఈ రేవు దాటే మాకు, 2014 ఫిబ్రవరిలో విశాఖపట్నం వరకు సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం దాటవలసి వచ్చినప్పుడు మాత్రం ధైర్యం చాలలేదు. పెద్దమ్మాయికి మూడున్నరేళ్లు, చిన్నవాడికి పధ్నాలుగు నెలలు. శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామంలో మంచం పట్టిన మా అమ్మగారు మనుమణ్ణి ఒక్కసారైనా చూడలేదు. చిన్నవాడికి చెవిపోటు తగ్గనందున విమానం వద్దన్నారు డాక్టరు గారు. కనుక ఎల్.టి.సి. మీద ఓడ ప్రయాణమే నిశ్చయమైంది.

పొరుగున ఉండే శ్రీకాకుళం పెద్దావిడ మా సన్నాహం చూసి, "బట్టలు తరవాత సర్దుదురు గాని బాబూ, నడిసముద్రంలో పిల్లడికి ఆకలేస్తే ఏ కొట్టు తలుపు కొడతారు?" అన్నారు. ఆ మాటతో పెట్టె మళ్లీ విప్పాము. పట్టుచీరలు, బంధువుల కానుకలు సగం ఇంటనే ఉండిపోయాయి. వేయించి విసిరిన ఉగ్గుపొడి, చోడిపిండి, అటుకులు, రెండు ఫ్లాస్కులు వాటి చోటు ఆక్రమించాయి. మూడు పగళ్లకు సరిపడే గుడ్డలను లెక్కించి, ఆపైన అంతే సంఖ్యలో మరికొన్ని చేర్చాము. ఈ రెండవ లెక్కే మమ్మల్ని కాపాడినది.

మందుల విషయంలో మేము చేయబోయిన పొరపాటు చెప్పుకోవాలి. పెద్దలు వేసుకొనే వాంతుల మాత్రను ముక్కచేసి పిల్లలకిద్దామనుకున్నాము. డాక్టరు గారు కఠినంగా వారించారు. రెండేళ్లు నిండని బిడ్డకు అటువంటి మాత్రలలో కొన్ని ఊపిరికే ముప్పు తేగలవట. బదులుగా ఓ.ఆర్.ఎస్. పొట్లాలు వ్రాసి ఇచ్చారు. పొట్లం మొత్తాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలోనే కలపాలనీ, వాంతి అయితే పది నిమిషాలాగి చెంచాతో నెమ్మదిగా పట్టాలనీ చెప్పారు.

బంకు తరగతి చవకే అయినా, పాకే పిల్లవాణ్ణి తలచుకొని క్యాబిను తీసుకున్నాము. ఇద్దరి గౌనులకూ లోపలివైపు పేరు, చిరునామా గల గుడ్డపట్టీలు కుట్టించాము. ఓడ ఎక్కగానే పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో అడిగి చూసుకున్నాము. తోటి ప్రయాణికులు నవ్వారు, నవ్వనీ!

ఓడ కదలగా మౌంట్ హేరియట్ వెనుకబడింది. ఆ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అనీ, పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అనీ పేర్లు మారాయి. కొండ దిగువ హోప్‌టౌన్ రేవులోనే 1872లో వైస్రాయి లార్డ్ మేయో హత్యకు గురయ్యాడు. ఆ కథ చెప్పబోతే, "మన ఇల్లు ఏదీ?" అని పెద్దమ్మాయి ఏడుపు లంకించుకొంది. చరిత్ర అక్కడితో ముగిసింది.

రెండవ రాత్రి అల పెరిగింది. చిన్నవాడు తాగినదల్లా కక్కివేశాడు. తెల్లవారేసరికి మూత్రం తగ్గి, నోరెండి, పిలిస్తే కళ్లు తెరవడం లేదు. చుట్టూ నీరే, దిగడానికి రేవు లేదు. ఓడ వైద్యులు వచ్చి పరీక్షించి, ద్రవం ఆపవద్దన్నారు. ఒకరు గడియారం, ఒకరు చెంచా పట్టుకొని కూర్చున్నాము. ఉదయం తొమ్మిది గంటలకు గుడ్డ తడిసింది. తడిగుడ్డను చూసి అంతగా సంతోషించిన తల్లిదండ్రులు వేరొకరుండరేమో!

మరునాడు డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించింది. ఆ సాయంత్రానికి ఊరు చేరాము. చూపు మందగించిన మా అమ్మగారు మనుమణ్ణి ఒడిలోకి తీసుకొని తడుముతుండగా వేళ్లకు గుడ్డపట్టీ తగిలింది. "ఇదేటి నాయనా?" అన్నారు. తప్పిపోతే దొరకడానికని చెప్పాము. మేమున్న నెల రోజులూ గౌను మార్చినప్పుడల్లా, "పట్టీ ఉందా?" అని ఆవిడ తడిమి చూస్తూనే ఉన్నారు.